యోసేపు తీసిన ఐదవ పాలు

ధ్యాన భాగములు: ఆదికాండము 41:33-49, లూకా 12:13-21



కొన్ని వారముల క్రితము రాత్రి కూడిక ముగిసిన తరువాత ఒక యౌవనుడు నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. దేవునికి పదోవంతు అని మీరు చెప్తారు, సరే. మరి దాచుకునేది ఏడాదికి ఎంత ఉండాలి? దానికి బైబిల్లో లెక్క ఏమైనా ఉందా?" అని అడిగాడు. అతడు ప్రకాశం జిల్లా నుండి వచ్చిన బిడ్డ. హోసూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పని చేస్తున్నాడు. నెలకు చేతికి వచ్చేది ఇరవై వేలు, ఓటీ దొరికితే ఇంకొంచెము. ఆ రాత్రి నేను ఏదో రెండు మాటలు చెప్పి ప్రార్థన చేసి పంపించాను. కాని ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకు వేరొక కారణము కూడా ఉన్నది, అది తరువాత చెప్తాను.

ఇవ్వడము గురించి మన ప్రసంగ వేదికల మీద వినని ఆదివారము అరుదు. కోత పండుగకు ఇవ్వమని, ప్రథమ ఫలమని, కృతజ్ఞతార్పణమని, క్రొత్త సంవత్సరపు మొక్కుబడి అని చెప్తూనే ఉంటాము. దాచుకోవడము గురించి చెప్పిన పాస్టరుగారు ఎంతమంది? నా సంగతే చెప్తున్నాను, ఇరవై ఏళ్ళ పరిచర్యలో ఆ విషయము మీద ఒక్క ప్రసంగము కూడా చేయలేదు. చేయకపోవడమే కాదు, దానికి విరోధముగా మాట్లాడాను కూడా. దాచుకొనేవాడు అల్పవిశ్వాసి అన్నట్టు మాట్లాడాను.

వాక్యములోనికి వెళ్దాము. బైబిలులో రెండు కొట్లు ఉన్నవి. ఒకటి ఐగుప్తులో యోసేపు నింపిన కొట్లు. రెండవది లూకా సువార్తలో ఒక ధనవంతుడు పడగొట్టి పెద్దవిగా కట్టుకొందామని తలంచిన కొట్లు. రెండింటిలోనూ ఉన్నది ధాన్యమే. రెండూ మంచి పంట వచ్చిన సంవత్సరములోనివే. మొదటిదానిని బట్టి అనేకులు బ్రదికిరి. రెండవదానిని బట్టి ఆ మనుష్యుడు ఆ రాత్రే వెఱ్ఱివాడని పిలువబడెను. కాబట్టి కొట్టు కట్టుట పాపము కాదు. అట్లయితే తేడా ఎక్కడ ఉన్నది?

ఆ ధనవంతుని మాటలను ఒకసారి మీ బైబిలులో లెక్కపెట్టి చూడండి. నా పంట, నా కొట్లు, నా ఆస్తి, నా ప్రాణము. అంతా నాది అనే మాటే. పొరుగువాడు లేడు, పనివాడు లేడు, తల్లి లేదు, పిల్లలు లేరు, దేవుడు అసలే లేడు. ఇంకొక సంగతి గమనించండి. అతని దాపుడునకు కొలత లేదు. ఎంత వచ్చిందో అంతా లోపలికే. యోసేపు దాపుడునకు కొలత ఉన్నది, గడువు ఉన్నది, కారణము ఉన్నది. కొలత ఐదవ భాగము. గడువు ఏడు సంవత్సరములు. కారణము రాబోవుచున్న కరువు. ఇంకా చెప్పవలెనంటే, ఆ కొట్లలో ఉన్నది ఎవరిదో కూడా అతనికి తెలుసు. అది తన సొత్తు అని యోసేపు ఎన్నడూ అనుకోలేదు.

ఐదవ భాగము అంటే నూటికి ఇరవై. మన యౌవనుడు అడిగిన లెక్క ఇదేనా? తొందరపడవద్దు. ఆ ఐదవ పాలు ఏ సంవత్సరములలో తీసినదో చూడవలెను. అది సమృద్ధిగల ఏడేళ్ళలో తీసినది, భూమి గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా పండినప్పుడు తీసినది. కరువు సంవత్సరములో ఆకలితో ఉన్నవాని దగ్గర ఐదవ పాలు దాచుకో అని యోసేపు చెప్పలేదు. కాబట్టి కాంట్రాక్టు పని పోయి ఇంట్లో కూర్చున్న తమ్ముడు ఈ ప్రసంగము చదివి నేరస్థునివలె భావించనక్కరలేదు. ఆ తమ్ముని కొరకు వేరొకని కొట్టు తెరవబడవలెను. బలిసిన ఆవులు కనబడినప్పుడు ఐదవ పాలు, బక్క ఆవులు వచ్చినప్పుడు తెరచిన కొట్టు. నాకు అర్థమైనంతవరకు ఈ అధ్యాయపు లెక్క ఇదే.

నలుబది ఏడవ అధ్యాయములో ఇంకొక మాట కూడా ఉన్నది, దానిని మనము ఎక్కువగా చదవము. కరువు ముదిరినప్పుడు జనులు మొదట రూకలు ఇచ్చిరి, తరువాత పశువులను ఇచ్చిరి, చివరకు భూములను తమ్మునుతాము అమ్ముకొనిరి. ధాన్యమంతా ఫరో కొట్లలో ఉన్నది గాని జనుల ఇండ్లలో లేదు. దీనిని యోసేపు మీద తప్పుగా నేను చెప్పుటలేదు. దాచుకోని ఇంటికి కరువు వచ్చినప్పుడు ఏమగునో లేఖనము దాచిపెట్టకుండా చెప్పినదని మాత్రము చెప్తున్నాను. అక్కడే మిగిలిన నాలుగు భాగములు దేనికో కూడా యోసేపు వివరించెను: పొలములకు విత్తనము, వారికి ఆహారము, ఇంటివారికి, పిల్లలకు. విత్తనము మొదట చెప్పబడినది చూడండి. రైతు బిడ్డలకు దీని అర్థము వేరే చెప్పనక్కరలేదు. ఎంత ఆకలి అయినా విత్తనపు మూట విప్పకూడదు అని మన అవ్వలు చెప్పినదే ఇది.

మనము నివసిస్తున్న ఈ నేల ఈ పాఠమును బాగా ఎరిగిన నేల. హోసూరు, కెళమంగళం, రాయకోట వైపు పాత రైతు కుటుంబములలో పెద్దవారిని అడిగి చూడండి, రాగుల పాతర గురించి చెప్తారు. ఎత్తైన, నీరు నిలవని చోట గొయ్యి తవ్వి, గడ్డి పరచి, రాగులు పోసి, పైన మన్ను కప్పి ఉంచేవారు. వడ్లకు, జొన్నలకు పురుగు పడుతుంది. రాగికి త్వరగా పట్టదు. బాగా ఎండబెట్టి పోసిన రాగులు ఏండ్ల తరబడి నిలుస్తాయి. వానలు లేని ఏడాది పాతర తెరిచేవారు. తెరిచిన వెంటనే లోపలికి దిగకూడదు, లోపలి గాలికి ప్రాణము పోతుంది, కొంతసేపు ఆగి దిగవలెను. ఏడాదికి ఎంత దాచవలెను అని వారు పుస్తకములో చదువలేదు. ఒక వాన తప్పితే ఇంటికి ఎన్ని మూటలు కావలెనో వారికి తెలుసు, రెండు వానలు తప్పితే ఎన్నో కూడా తెలుసు. అంతవరకు నింపేవారు.

1876 నుండి 1878 వరకు వచ్చిన పెద్ద కరువు ఆ పాతరలను కూడా ఖాళీ చేసినది. ఈ హోసూరు తాలూకా అప్పుడు సేలం జిల్లాలో ఉండేది, ఆ జిల్లా ఆ కరువులో బహుగా నలిగిపోయినది. అదే కరువు ఒంగోలు, నెల్లూరు వైపు మన పితరులను కూడా పట్టుకున్నది. తెలుగు బాప్టిస్టులమైన మనము ఆ సంవత్సరములను మరచిపోలేము. క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్ళ కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చిన జనులకు పని, కూలి ఇప్పించిరి. కూటి కొరకు క్రైస్తవులగుచున్నారను మాట రాకూడదని ఆ కరువు దినములలో బాప్తిస్మములు ఆపివేసిరి. కరువు తగ్గిన తరువాత 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య మన పిల్లలకు ఆదివారపు బడిలో నేర్పిస్తాము. ఆ సంఖ్య వెనుక ఉన్న ఖాళీ గాదెలను కూడా నేర్పించవలెను. వారిలో చాలమంది దాచుకొనుటకు ఏమియు లేనివారు. ఇతరుల పొలములలో పనిచేసి దినకూలి గింజలు తెచ్చుకొన్నవారు. ఒక వాన తప్పితే వారి దగ్గర రెండవ వారమునకు గింజ ఉండేది కాదు. మనలో అనేకుల తాతల తాతలు వారే. ఈ రోజు మనకు నెల జీతము, బ్యాంకు పుస్తకము ఉన్నవంటే అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు ఆ వేరే కారణము చెప్తాను.

2018లో మన చోటి సంఘమునకు పైకప్పు రేకులు వేయవలసి వచ్చినది. నేను మత్తయి ఆరవ అధ్యాయము మీద ప్రసంగించాను. చిమ్మెట, తుప్పు, దొంగల గురించి గట్టిగా చెప్పాను. రేపటిని గూర్చి చింతించువాడు తండ్రిని నమ్మనివాడే అన్నాను. మార్కు పన్నెండవ అధ్యాయములోని విధవరాలి రెండు కాసులు కూడా ఎత్తాను. ఆ వారములో ఒక సహోదరుడు నాలుగేండ్లుగా కట్టుచున్న పోస్టాఫీసు ఆర్‌డీని గడువుకు ముందే తీసివేసి నలుబది వేల రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టెను. అతడు లోడు దింపే పని చేసేవాడు. అతని భార్య గులాబీ తోటలో పూలు కోసేది. ఆ డబ్బు ఎక్కడిదని నేను అడుగలేదు. అడుగవలసినది. అందరి ముందు నిలువబెట్టి స్తోత్రము చెప్పించాను.

2020 మార్చి 25 నుండి దేశమంతా మూతబడినది. ఫ్యాక్టరీ గేట్లు మూసినారు, లారీలు ఆగినవి, కల్యాణములు లేక గులాబీలు తోటలోనే వాడినవి. ఆ ఇంటిలో ఇద్దరి కూలి ఒకే రోజున ఆగిపోయినది. మే నెలలో ఆ సహోదరుడు మా ఇంటి గుమ్మము దగ్గర దూరముగా నిలబడి, "అయ్యగారూ, రెండు వేలు ఉంటే ఇవ్వండి, పని మొదలవగానే ఇచ్చేస్తాను" అన్నాడు. అప్పటికే నూటికి ఐదు రూపాయల వడ్డీకి ఒకచోట తీసుకొని ఉన్నాడు. నా మీద ఒక్క మాట అనలేదు. రేకుల మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెము తేలికగా ఉండేదేమో.

ఆ తరువాత మార్కు పన్నెండు మరల చదివాను. విధవరాలి కాసుల కథకు సరిగ్గా ముందు వచనములో, నలుబదవ వచనములో, ప్రభువు ఎవరిని గద్దించెనో చూచితిరా? విధవరాండ్ర ఇండ్లను మ్రింగివేసి దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రులను. ఇన్నేండ్లు నేను ఆ రెండు వచనములను విడదీసి ప్రసంగించాను. ఆమె విశ్వాసము గొప్పదే, అందులో సందేహము లేదు. అయితే ఆమె జీవనమంతా పెట్టెలో పడుచుండగా చూచి సంతోషించే బోధకునికి ఆ భాగములో హెచ్చరిక ఉన్నది. ఏడవ అధ్యాయములోని కొర్బాను సంగతి కూడా ఇంతే. దేవునికి ఇచ్చితిని అని చెప్పి తల్లిదండ్రులకు చేయవలసినది మానివేయుటను ప్రభువు ఒప్పుకోలేదు. తన యింటివారిని సంరక్షింపనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక అయిదవ అధ్యాయములో ఉన్నది. పౌలు కొరింథీయులకు వ్రాస్తూ, తలిదండ్రులు పిల్లలకొరకు కూర్చుట తగినదే అన్నట్టు మాట్లాడెను.

అట్లయితే మత్తయి ఆరు ఏమి చెప్పుచున్నది? చింత వేరు, లెక్క వేరు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనడా అని అడిగినది కూడా అదే ప్రభువు. ఐదు వేలమందికి పంచిన తరువాత మిగిలిన ముక్కలను ఏమియు నష్టపడకుండ పోగుచేయుడని చెప్పినది కూడా ఆయనే. రొట్టెలను సృష్టించగలవానికి ముక్కలతో పని ఏమి? అయినను పన్నెండు గంపలు నింపించెను. మన్నా సంగతి ఇంకా తేటగా ఉన్నది. మామూలు దినమున భయముతో మరునాటికి దాచినది పురుగు పట్టి కంపుకొట్టెను. ఆరవ దినమున దేవుడు చెప్పిన కొలత చొప్పున రెండంతలు దాచినది చెడిపోలేదు. ఒకే మన్నా, ఒకే కుండ.

మరి మన లెక్క ఏమిటి? యౌవనుడు అడిగిన ప్రశ్నకు నేను ఇప్పుడు చెప్పగలిగినది ఇది. నేను బ్యాంకువాడను కాను. తప్పు ఉంటే తెలిసినవారు సరిదిద్దండి.

మొదట వడ్డీ అప్పు. నూటికి ఐదు రూపాయల వడ్డీకి యాభై వేలు తెచ్చినవాడు నెలకు రెండు వేల ఐదు వందలు వడ్డీయే కడతాడు, ఏడాదికి ముప్పై వేలు. అసలు అట్లే ఉంటుంది. అట్టివాడు పోస్టాఫీసులో నెలకు వెయ్యి వేస్తున్నాను అని సంతోషించుట చిల్లు కుండలో నీళ్ళు పోయుటే. అతనికి ఆ అప్పు తీర్చుటే దాచుకొనుట. మీటరు వడ్డీ, కందు వడ్డీ అనే పేర్లతో ప్రజలను పీడించేవారి మీద తమిళనాడులో 2003లోనే చట్టము వచ్చినది. అయినను ఆదివారము ఆరాధనకు వచ్చే మన ఇండ్ల ముందు శనివారము సాయంకాలము ఎవరి బండ్లు ఆగుచున్నవో మనకందరికీ తెలుసు. మనలోనే ఒకరిద్దరు వడ్డీకి ఇచ్చేవారు ఉన్నారు. వారికి నిర్గమకాండము 22:25 చదువుకొమ్మని ప్రేమతో మనవి చేస్తున్నాను.

అప్పు లేనివారికి, నెల జీతము స్థిరముగా ఉన్నవారికి, బోనసు, ఓటీ ఉన్నవారికి ఐదవ పాలు అందని కొలత కాదు. మీకు తెలియకుండానే అందులో కొంత ఇప్పటికే పోవుచున్నది. పీఎఫ్ కింద మీ మూల జీతములో పన్నెండు శాతము మీ వంతు కట్ అవుతున్నది. కంపెనీ కూడా తన వంతు పన్నెండు శాతము వేయవలెను, అందులో ఎక్కువ భాగము పెన్షనుకు పోతుంది. కాంట్రాక్టరు మారినప్పుడెల్ల మన యౌవనులు ఆ డబ్బును తీసివేస్తున్నారు. తీసినది ఎక్కడికి పోయినది అని అడిగితే ఒకరు బండి అంటారు, ఇంకొకరు ఫోను అంటారు. అది విత్తనపు మూట, దానిని విప్పవద్దు, పాత ఖాతాను క్రొత్త కంపెనీకి మార్పించుకొనండి. ఇక బోనసు. అర్హులకు కనీస బోనసు 8.33 శాతము అనే లెక్క మీరు వినే ఉంటారు. పన్నెండు నెలలలో ఒక నెల అన్నమాట. దీపావళి ముందు వచ్చే ఆ డబ్బును ఉన్నది ఉన్నట్టు దాచినవాడు ఆ ఒక్క పనితోనే పన్నెండవ పాలు దాచినట్టే. టౌనులో దుకాణముల దీపములు మాత్రము ఆ వారములోనే ఎక్కువ వెలుగుతాయి, అది కూడా నేను ఎరుగుదును.

జీతము లేనివారు, దినకూలివారు శాతములతో లెక్క కట్టలేరు. దీనికి మంచి ఉపాయము నేను నేర్చుకొన్నది పూలతోటలో పనిచేసే ఒక విధవరాలి దగ్గర. ఆమెకు చదువు రాదు. "నెలకి ఇరవై ఆరు రోజులు పోతానయ్యా. మొదటి రెండు రోజుల కూలి దేవునిది, ముట్టను. ఆ తర్వాత మూడు రోజుల కూలి పిల్ల కోసం, అదీ ముట్టను. మిగిలిన ఇరవై ఒక్క రోజుల కూలే నాది అనుకుంటాను. వాన వచ్చి పని తప్పితే పిల్ల రోజుల్లో ఒకటి తగ్గుతుంది, దేవుని రోజుల్లో తగ్గించను" అన్నది. నేను ఆమెతో, "అమ్మా, పని పూర్తిగా తప్పిన నెలలో ఆ రెండు రోజులూ ఇంట్లోనే వాడుకో, దేవుడు కోపపడడు" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. నవ్వి ఊరుకున్నది. ఆమె కూతురు ఇప్పుడు నర్సింగ్ చదువుచున్నది.

సొంత పొలము ఉన్నవారికి, కౌలుకు చేసేవారికి ఇంకొక లెక్క. మన రాయకోట వైపు టమాటా సంగతి మీకు వేరే చెప్పాలా? 2023 జూలైలో కిలో వంద దాటినది. అటువంటి పంట చేతికి వచ్చినవాడు ఆ నెల మారాజు. ఇంకొక ఏడాది కోత కూలి కూడా గిట్టక గంపలు గంపలుగా రోడ్డు ప్రక్కన పారబోసిన రోజులను కూడా ఇదే కండ్లతో చూశాము. అటువంటి పంట వేసేవానికి నూటికి ఇరవై చాలదు. మంచి ధర వచ్చిన కోతలో సగము దాచినా ఎక్కువ కాదు, ఎందుకనగా తరువాతి మూడు కోతల పెట్టుబడి అందులోనే ఉన్నది. ఫరో కలలో బలిసిన ఆవులు ఏడు, బక్క ఆవులు ఏడు. టమాటా కలలో అంత సమానము ఉండదు.

ఎక్కడ దాచవలెను అనేది కూడా వాక్యములోనే ఉన్నది. యోసేపు ఏ పట్టణము చుట్టునున్న పొలముల ధాన్యమును ఆ పట్టణములోనే నిలువచేసెనని 48వ వచనము చెప్పుచున్నది. కంటికి కనబడే చోట, అవసరమైనప్పుడు తెరవగలిగే చోట. ఊరు పేరు తెలియని కంపెనీ రెండింతలు ఇస్తానంటే మనవారు ఎంత త్వరగా నమ్ముతారో! 2012లో పెరుందురై ఈమూ కోళ్ళ సంగతి తమిళనాడులో అందరూ చూచిరి. మన ఆంధ్ర దేశములో అగ్రిగోల్డ్ డిపాజిట్ల వలన లక్షలాది కుటుంబములు ఏండ్ల తరబడి కార్యాలయముల చుట్టూ తిరిగినవి. ఏజెంట్లు ఎక్కువగా మన బంధువులు, మన సంఘస్థులే. అందుకే నమ్మినారు. కొంచెము కొంచెముగా కూర్చినది వృద్ధియగునని సామెతలు 13:11లో ఉన్నది. చర్చి ఆవరణలో, ఆరాధన తరువాత, ఏ స్కీము కాగితమూ పంచకూడదని మా సంఘములో తీర్మానము చేసుకొన్నాము. మీ సంఘములలో కూడా ఆలోచించండి.

వలస వచ్చినవారికి ఒక బరువు ఎక్కువ. రెండు ఇండ్లు నడుపవలెను. ఇక్కడ లైను ఇంటికి అద్దె, అడ్వాన్సు. అక్కడ ఊరిలో అమ్మకు మందులు, చెల్లి పెండ్లి. ఈ సంగతిలో మనకు ముందు నడచినవారు ఉన్నారు. 1860 నుండి మద్రాసు రేవు మీదుగా నేటాలు దేశమునకు చెరకు తోటల కూలికి వెళ్ళినవారిలో తెలుగువారు అనేకులు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున పెరిగి అయిదవ ఏట పధ్నాలుగు. 1895 చట్టముతో గడువు తీరిన తరువాత అక్కడే నిలిచిపోయినవారి మీద ఏడాదికి మూడు పౌనుల పన్ను వేసిరి. పౌనుకు ఇరవై షిల్లింగులు, అంటే అరవై షిల్లింగులు. పధ్నాలుగు చొప్పున ఏడాది సంపాదన నూట అరవై ఎనిమిది. మూడవ వంతు కంటె ఎక్కువ పన్నుకే పోయినది. 1903లో ఆ పన్ను పదునారేండ్లు దాటిన మగపిల్లల మీద, పదమూడేండ్లు దాటిన ఆడపిల్లల మీద కూడా పడినది. 1914లో గాని అది పోలేదు. యోసేపు ఐదవ పాలు తీసెను, ఆ దొరతనము మూడవ పాలు తీసికొన్నది. మొదటిది జనులకే తిరిగి వచ్చినది, రెండవది రాలేదు.

ఆ 1903లోనే, వారికి కాపరి కావలెనని కోరిన మీదట, ఇక్కడి తెలుగు బాప్టిస్టు సంఘములు తమ హోమ్ మిషనరీ సొసైటీ ద్వారా జాన్ రంగయ్యగారిని నేటాలుకు పంపించిరి. కియర్స్నీలో సంఘము మొదలైనది. పంపినవారు ధనికులు కారు, పాతిక ఏండ్ల క్రితము కరువులో గింజ లేక కాలువ త్రవ్వినవారి బిడ్డలు, మనుమలు. మిగుల్చుకొనుట నేర్చుకొన్నందుననే పంపగలిగిరి అని నేను అనుకొంటాను. ఖాళీ చేతితో ఎవరిని పంపగలము?

దీని నుండి సంఘముగా మనము చేయవలసినది ఒకటి ఉన్నది. అపొస్తలుల కార్యములు పదునొకండవ అధ్యాయములో అగబు కరువు వచ్చునని తెలియజేయగా, అంతియొకయ శిష్యులు ప్రతివాడును తన తన శక్తికొలది యూదయలోని సహోదరులకు సహాయము పంపుటకు నిశ్చయించుకొనిరి. కబురు అందినప్పుడే పోగుచేసిరి, ఆకలి చావులు లెక్కపెట్టే వరకు ఆగలేదు. కొరింథు సంఘమునకు కూడా పౌలు, ఆదివారమున ఎవరికి వారు తమ వర్ధిల్లిన కొలది తమ యొద్ద నిలువచేయమని వ్రాసెను. కొలత ఇంటికి ఇంటికి మారుతుందని దీనివలన తెలియుచున్నది.

2021లో మా సంఘ కార్యవర్గములో ఈ మాట పెట్టాను. ప్రతి నెలా కానుకలలో ఐదవ పాలు తీసి వేరుగా ఉంచుదాము, పని పోయినవారికి, ఆసుపత్రి పాలైనవారికి వడ్డీ లేకుండా ఇద్దాము అన్నాను. ఒక పెద్దాయన లేచి, "దేవునికి వచ్చిన కానుక దేవుని పనికే గాని మనుషులకు తిరిగి ఇవ్వడము ఏమిటి? రేపు అందరూ చేతులు చాపుతారు" అన్నాడు. ఆయన మాటలో కొంత నిజము లేకపోలేదు; తిరిగి కట్టనివారు ఇద్దరు ఉన్నారు, పేర్లు వ్రాయను. రెండు సమావేశములు వాదన జరిగినది. చివరకు ఆయనే, పేదలకు అప్పిచ్చుట యెహోవాకు అప్పిచ్చుట అని సామెతల గ్రంథములో ఉన్నది గదా అని ఒప్పుకొన్నారు. పెట్టెలోని డబ్బు నెలనెలా పోస్టాఫీసు ఖాతాకు పోతుంది. ఇప్పటివరకు పదకొండు కుటుంబములు వాడుకొన్నవి.

మొదటి తీర్మానము ఆ లోడు దింపే సహోదరుని గురించి. ఆయన ఇచ్చిన నలుబది వేలు ఆయనకు తిరిగి ఇవ్వవలెనని నేనే ప్రతిపాదించాను, నా తప్పు కూడా సంఘము ముందు ఒప్పుకొన్నాను. ఆయన లేచి, "రేకుల కింద నా పిల్లలు కూడా కూర్చుంటున్నారయ్యా, అది తిరిగి తీసుకోను. ఆ వడ్డీ అప్పు ఒక్కటి తీర్చండి, నెలకి వెయ్యి చొప్పున కట్టేస్తాను" అన్నాడు. ఇరవై రెండు నెలలలో కట్టివేశాడు. ఆర్‌డీ పుస్తకము మరల తెరిచాడు. నిధి పెట్టె తాళపు చెవి ఇప్పుడు ఆయన దగ్గరే ఉంటుంది, లెక్క పుస్తకము ఆయన భార్య వ్రాస్తుంది. ఆ యౌవనుని మొన్న ఆదివారము ఆమె దగ్గరకే పంపించాను, జీతపు చీటీ తీసుకొని వెళ్ళమని చెప్పి.